బార్‌కోడ్ స్కానర్ ఎంటర్ కొట్టడం మానేసింది, ఏం చేయాలి?

కొర్లగుంట కిరాణా:
మావాడు సెలవుల్లో షాపులో కూర్చుని స్కానర్ పుస్తకంలోని సెట్టింగుల కోడ్లన్నీ టకటకా కొట్టి ఆడుకున్నాడు. అప్పటి నుంచి ఎంటర్ పడటం లేదు. సబ్బు నంబరూ బిస్కెట్ నంబరూ ఒకే గడిలో అతుక్కుపోతున్నాయి. పుస్తకం కూడా చించేశాడు. కొత్తది కొనాలంటే వైర్‌లెస్ మంచిదా?

తిలక్ రోడ్ మందులషాపు:
ఫ్యాక్టరీ డిఫాల్ట్ కోడ్ కొట్టండి, సెట్టింగులన్నీ మొదట్లో ఉన్నట్టు అయిపోతాయి. అంతే.

బిల్లింగ్ బాబాయ్:
"అంతే" అట! పదహారేళ్లుగా షాపులకు బిల్లింగ్ పెడుతున్నా సామీ. డిఫాల్ట్ కొడితే కొన్ని మోడళ్లలో ఉన్న ఎంటర్ కూడా పోతుంది. సఫిక్స్ 'సీఆర్' కోడ్ కొట్టాలి, నంబరు చివర ఎంటర్ కలిపేది అదే. పక్క కోడ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకోండి, లేకుంటే ఏది తగిలిందో దేవుడికే తెలియాలి.

చిత్తూరు తోతాపురి:
మాకు ఇంకో గోల. 13 అంకెలకు 12 వచ్చేవి. చెక్ డిజిట్, అంటే నంబరు సరిగ్గా చదివిందో లేదో చూసుకునే చివరి అంకె, పంపడం ఆఫ్ అయిందట. మూడు రోజులు సాఫ్ట్‌వేర్ అబ్బాయిని ఊరికే తిట్టాం, పాపం. 890తో మొదలయ్యే మన దేశం సరుక్కే ఇన్ని తిప్పలు!

తిలక్ రోడ్ మందులషాపు:
890 అంటే ఇండియాలో తయారైందని కాదు. కంపెనీ ఆ నంబరు ఇక్కడ బార్‌కోడ్ నంబర్లిచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర తీసుకుందని, అంతే.

చిత్తూరు తోతాపురి:
మా గుజ్జు డబ్బా మీద 890 ఉంది. కాయ బంగారుపాళ్యంది, డబ్బా కట్టేది మేము. నాకు చెప్తారా?

తిలక్ రోడ్ మందులషాపు:
మీ డబ్బా ఇక్కడిదే, ఎవరు కాదన్నారు? అన్నీ అంతే అనుకోవద్దంటున్నా.

బిల్లింగ్ బాబాయ్:
అయ్యా, ఆయన అడిగింది ఎంటర్ గురించి.

కొర్లగుంట కిరాణా:
కంపెనీ సైట్లో పీడీఎఫ్ దొరికింది. ఫోన్‌లో చూపిస్తే ఎర్రగీత పడుతుందే గానీ చదవడం లేదు.

బిల్లింగ్ బాబాయ్:
లేజర్‌ది ఫోన్ తెర మీద చదవదు. కాగితం మీద ప్రింట్ తీయించండి, సైజు తగ్గించొద్దు.

కొర్లగుంట కిరాణా:
తీయించా. ఎంటర్ పడుతోంది బాబాయ్! కానీ ఇప్పుడు 8901 బదులు *()! పడుతోంది.

బిల్లింగ్ బాబాయ్:
చెయ్యి అడ్డం పెట్టారా?

కొర్లగుంట కిరాణా:
...లేదు.

బిల్లింగ్ బాబాయ్:
ఫ్రెంచ్ కీబోర్డ్ కోడ్ తగిలింది. అందులో అంకెలకు షిఫ్ట్ నొక్కాలి, అదే మీ కంప్యూటర్‌కు పోతోంది. 'యూఎస్ కీబోర్డ్' కోడ్ కొట్టండి. ఈసారి చెయ్యి పెట్టి.

కొర్లగుంట కిరాణా:
వచ్చేసింది! వైర్‌లెస్ సంగతి ఎవరూ చెప్పలేదు?

చిత్తూరు తోతాపురి:
890 సంగతి ఇంకా తేలలేదు.