‘భరించి’యా, ‘భరించుకొని’యా? గలతీ 6:2

మూడోబెంచి:
ఒక వాక్యం కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. ఎవరింట్లోనైనా చావు జరిగితే, ఆదరణ కూడికలో మా నాయనమ్మ ప్రార్థన చేస్తూ ‘ఒకరి భారములు ఒకరు భరించుకొనుడి అని సెలవిచ్చావు తండ్రీ’ అనేది. బైబిల్ తీసి చూస్తే గలతీ 6:2లో ‘ఒకని భారముల నొకడు భరించి, యీలాగు క్రీస్తు నియమమును పూర్తిగా నెరవేర్చుడి’ అని ఉంది. ‘కొను’ లేదు. ఆవిడ చదువుకున్న మనిషి కాదు, విన్నది విన్నట్టే చెప్పేది. పాత ముద్రణల్లో ఎక్కడైనా ‘భరించుకొనుడి’ ఉండేదా? లేక ఇంకో వచనం కలిసిపోయిందా?

పాతప్రతి:
కలిసిపోయిందనే అనుకుంటాను. ఐదో వచనం చూడండి: ‘ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను గదా?’ ఆ ‘కొను’ అక్కడిది. వినికిడిలో రెండో వచనానికి అతుక్కుంది. అసలు చూడాల్సింది మాత్రం భారము, బరువు అనే జంట. గ్రీకులో రెండో వచనంలో ‘బారొస్’, ఐదో వచనంలో ‘ఫోర్తియోన్’. మనవాళ్ళు ఒకదానికి సంస్కృతం మాట, ఇంకోదానికి ఇంటి మాట వేసి తేడా నిలబెట్టారు. కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకటే మాట. అక్కడ పాఠకుడు తికమక పడతాడు, తెలుగులో ఆ ఇబ్బంది లేదు.

ద్రుతం:
పాతప్రతి గారూ, నిలబెట్టారంటే ఒప్పుకోలేను. మత్తయి 11:30 ‘నా కాడి సుళువుగాను నా భారము తేలికగాను ఉన్నవి’. అక్కడా మూలంలో ఫోర్తియోనే. మరి బరువు అనలేదే?

పాతప్రతి:
అదే సువార్తలో 23:4 తీయండి. ‘మోయ శక్యముకాని భారమైన బరువులు’. మూలంలో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. భారమైన అన్నది బారొస్ కుటుంబం, బరువులు అన్నది ఫోర్తియోన్. ఇంతకంటే పొందికగా ఎవరు అనువదించగలరు? 11:30లో ‘బరువు తేలిక’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుందని భారము అన్నారు, అంతే.

అరసున్న:
బరువు కూడా భారమే కదండీ, తద్భవం. ఒకే మాటకి రెండు వేషాలు వేసి అర్థభేదం ఉందంటే ఎలా?

ద్రుతం:
తద్భవం అనడం అంత తేలిక కాదు. మహాప్రాణం పోయింది సరే, దీర్ఘం ఎందుకు పోయింది? భారానికి నికరమైన తద్భవం ‘బారువ’. పాత లెక్కల్లో ఇరవై మణుగులు. అందులో దీర్ఘం నిలిచే ఉంది. బరువు దేశ్యం అని నా నమ్మకం.

మూడోబెంచి:
పెద్దలు మన్నించాలి, నేనడిగింది ‘కొను’ గురించి.

ఇరవైమణుగులు:
బారువ మాట వచ్చింది కాబట్టి నా పేరుకి న్యాయంగా ఒక మాట. గ్రీకులో ఆ రెండు వచనాల్లోనూ క్రియ ఒకటే, ‘బస్తాజో’, మోయడం. మన ధాన్యం బస్తాకి దీంతో చుట్టరికం ఉందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

పాతప్రతి:
లేదండీ. మన బస్తా పారసీ నుంచి వచ్చింది, కట్టినది అని అర్థం. మూట కట్టడానికీ మోయడానికీ పొత్తు లేదు. కానీ మీరన్నదాంట్లో అసలైన సంగతి ఒకటుంది. క్రియ రెండు చోట్లా ఒకటే అయితే ఐదో వచనంలో ‘కొను’ మూలంలోది కాదు, తెలుగువాళ్ళు చేర్చింది. ‘తన సొంత’ అన్న మాటని ‘తానే’లోనూ ‘కొను’లోనూ రెండుసార్లు పలికించారు.

ఎర్రమట్టి దారి:
నేను మాట్లాడేది వేరే అక్షరం గురించి. ‘ఒకని’, ‘ఒకడు’. గ్రీకు మాటలో మగవాళ్ళని మాత్రమే అనే అర్థం లేదు, పరస్పరం అని అంతే. తెలుగులోకి వచ్చేసరికి మగవాడి భారం మగవాడు మోసినట్టయింది. మూడోబెంచి వాళ్ళ నాయనమ్మ ‘ఒకరి’, ‘ఒకరు’ అన్నారు చూడండి, నా మట్టుకు నాకు ముద్రణలో ఉన్నదానికంటే అదే సరైన పాఠం. ఎందుకంటే ఆ పని చేసేది ఆడవాళ్ళే. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకపోతే అన్నం, పప్పుచారు గిన్నెల్లో పెట్టుకుని వెళ్ళేది ఎవరు? అయ్యగారు వాక్యం చెప్పి వెళ్ళిపోయాక రాత్రంతా ఆ ఇల్లాలి పక్కన పడుకునేది ఎవరు? దోర్నకల్ ప్రాంతపు సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి ఉండేది. అజరయ్య గారు 1912లో బిషప్ అయిన అధ్యక్ష మండలం అది. వంటకి ఎసరు పెట్టేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. కూలికి వెళ్తేనే కూడు దొరికే ఇళ్ళు అవి. ఆ వచనానికి అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

మూడోబెంచి:
అమ్మా, మా నాయనమ్మ కూడా వేసేది. దాన్ని ‘దేవుడి బియ్యం’ అనేది.

ద్రుతం:
ఇదంతా విలువైనదే. అయినా సందర్భం వదలకూడదు. మొదటి వచనం ‘ఒకడు ఏ తప్పితములోనైనను చిక్కుకొనినయెడల’ అని మొదలవుతుంది. భారమంటే ఇక్కడ పడిపోయినవాడి తప్పు, దాని సిగ్గు. జబ్బులు, చావులు, అప్పులు కాదు. వాటికి వచనం కావాలంటే 2 కొరింథీ మొదటి అధ్యాయం ఉంది, ఆదరణ గురించి. లేదా రోమా 12:15.

శుక్రవారం ఆరాధన:
అన్నా, కువైట్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కలు చాలామంది మా కూడికకి వస్తారు. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన మనిషికి టికెట్ డబ్బులు పోగుచేసేటప్పుడు, ఆవిడ అప్పు ఏది, తప్పు ఏది, జబ్బు ఏది అని విడదీయలేం. ఏజెంటుకి కట్టిన అప్పు, ఇంటికి చెప్పలేని సిగ్గు, నడుంనొప్పి, అన్నీ ఒకే మూట. తప్పితం మాత్రమే భారమైతే మిగతావి ఆమె దగ్గరే వదిలేయాలా?

ద్రుతం:
వదిలేయమనలేదు తమ్ముడూ. ఆ పని చేయాల్సిందే. ఆ మాటకి అక్కడున్న అర్థం ఏమిటన్నదే నా ప్రశ్న.

గుండ్లకమ్మ ఒడ్డు:
మా తాతల కాలం సంగతి చెప్తాను. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని కల్పించాడు. మట్టిపని తెలిసినవాళ్ళని అడగండి. నిండిన తట్ట ఎవరూ తమంతట తాము తలకెత్తుకోలేరు, ఇంకొకరు చెయ్యి వేసి ఎత్తాలి. ఎత్తాక నడవాల్సింది మాత్రం తనే. రెండో వచనం, ఐదో వచనం ఒకదానికొకటి ఎదురని జుట్టు పీక్కునేవాళ్ళకి నేనిదే చెప్తాను.

అరసున్న:
చాలా బాగుంది. కానీ భరించడానికి తగిన మాట కావాలంటే జాషువా గారి దగ్గరికి వెళ్ళాలి. ‘గబ్బిలం’లో అరుంధతీసుతుడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని ఎవరికి అప్పజెప్పాడు? గుళ్ళోకి తాను వెళ్ళలేడు, గబ్బిలం వెళ్ళగలదు. ఇతని భారంలో అది చేయగలిగింది వినడం, చేరవేయడం. భరించడమంటే ముందు వినడమని నాకు తెలిసింది అక్కడే.

పాతప్రతి:
అది మేఘసందేశం బాటలో వచ్చిన సందేశకావ్యం. భారము అనే మాటకి అక్కడ పనేముంది?

అరసున్న:
బాట అదే, బాధ వేరు. యక్షుడిది విరహం, ఇతనిది ఆకలి, అంటరానితనం. ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది కాబట్టి క్రైస్తవ దృష్టి అంతా అందులోనే ఉందనుకుంటారు. ‘గబ్బిలం’లోనే ఎక్కువ ఉందని నేనంటాను.

ద్రుతం:
దీని మీద విడిగా చర్చ పెట్టండి, నేను వస్తాను. ‘క్రీస్తు చరిత్ర’ను అంత తేలిగ్గా పక్కన పెట్టనివ్వను.

ఎర్రమట్టి దారి:
మళ్ళీ ‘కొను’ దగ్గరికి వస్తున్నాను, అమ్మాయి అడిగి చాలాసేపయింది. వ్యాకరణంలో కొను అంటే ఆత్మార్థం అని చదువుకున్నాం. వండుకున్నాడు, కట్టుకున్నాడు. కానీ వాడుకలో దానికి ఇంకో అర్థముంది. మాట్లాడుకున్నారు, కొట్టుకున్నారు, ఓదార్చుకున్నారు. ఇవి ఎవరికి వారు చేసుకున్న పనులు కావు, ఒకరికొకరు చేసుకున్నవి. కాబట్టి ‘ఒకరి భారములు ఒకరు భరించుకొనుడి’ తప్పు కాదు. అచ్చమైన తెలుగు.

పాతప్రతి:
తప్పనలేదు. ఐదో వచనంలో అదే ‘కొను’ ఆత్మార్థంలో ఉంది కదా, రెండింట్లోనూ పెడితే తేడా చెరిగిపోదా?

ఎర్రమట్టి దారి:
‘ఒకరి’, ‘ఒకరు’ ముందున్నాక ఎలా చెరుగుతుంది? ‘తన’, ‘తానే’ ముందుంటే ఒక అర్థం, ‘ఒకరి ఒకరు’ ముందుంటే ఇంకో అర్థం. పైగా ఒట్టి ‘భరించు’ ఇప్పుడు చెడిపోయింది. ‘నిన్ను భరించలేకపోతున్నా’ అంటే సహించలేకపోవడమే. భరించుకోవడంలో ఆ చిరాకు లేదు.

ద్రుతం:
సహించడం అర్థం కూడా పూర్తిగా కొత్తది కాదు. నాయనమ్మ గారి వాక్యంలో కొలస్సయి 3:13 ‘ఒకని నొకడు సహించుచు’ నీడ కూడా పడి ఉండవచ్చు.

పాతప్రతి:
పాత ముద్రణ పోల్చి చూడకుండా ఇది తేలదు. 1900కి ముందు అచ్చయిన కొత్త నిబంధన ఎవరి ఇంట్లోనైనా ఉంటే గలతీ ఆరో అధ్యాయం పేజీ ఫోటో పెట్టండి. చెదలు పట్టినా పర్వాలేదు.

శుక్రవారం ఆరాధన:
ఎర్రమట్టి దారి అక్కా, ఆ పిడికెడు బియ్యాన్ని నెలాఖరున ఎలా పంచేవారు? సంఘం పేరున అమ్మేవారా, బియ్యంగానే ఇచ్చేవారా? ఇక్కడ మా అక్కలతో అలాంటిది మొదలుపెడదామని అడుగుతున్నాను.