ఆర్గానిక్ చికెన్ సాసేజ్: లేబుల్‌లో దేన్ని నమ్మాలి, పగలకుండా ఎలా వండాలి?

వంటింటి కిటికీ అడిగినది:
రెండు సందేహాలండీ. ప్యాకెట్ మీద ఆర్గానిక్, కేజ్ ఫ్రీ, నాచురల్, హార్మోన్లు వాడలేదు అని నాలుగు మాటలుంటాయి. కోడిని సరిగ్గా పెంచారో లేదో వీటిలో దేన్నిబట్టి తెలుస్తుంది? రెండోది, పెనం మీద వేస్తే సాసేజ్‌లు నిలువునా చీలుతున్నాయి. చీలకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటున్నాయి. ఇంకాసేపు ఉంచితే రంపపు పొట్టు నమిలినట్టే. ముందే ఫోర్కుతో గుచ్చమని కొందరు, అస్సలు గుచ్చొద్దని కొందరు అంటున్నారు. ఏది సరైనది?

పొలంగట్టు:
ఆ నాలుగింట్లో మూడు పక్కన పెట్టేయండి. మాంసం కోసం పెంచే కోళ్లని చాలాచోట్ల బోనుల్లో పెట్టరు, పెద్ద షెడ్లలో నేలమీదే వదులుతారు. కేజ్ ఫ్రీ అన్న మాటకి గుడ్ల డబ్బా మీద అర్థముంది గానీ సాసేజ్ మీద లేదు. అమెరికాలో కోళ్లకి హార్మోన్లు ఎటూ నిషేధమే, ఆ సంగతి కూడా అదే ప్యాకెట్ మీద చిన్నక్షరాల్లో ఉంటుంది చూడండి. నాచురల్ అంటే కృత్రిమ రంగులూ రుచులూ కలపలేదని మాత్రమే. కోడి బతుకుతో దానికి పనిలేదు.

ఆర్గానిక్‌కి బరువుంది. కానీ ఆ బరువు ఎక్కువగా మేతా మందుల వైపే. అమెరికా నిబంధనల ప్రకారం కోడిపిల్లని రెండో రోజు నుంచీ ఆ పద్ధతిలోనే పెంచాలి, యాంటీబయాటిక్స్ కుదరవు, జన్యుమార్పిడి పంటల మేత కుదరదు. ఆరుబయటికి వెళ్లే వీలు ఉండాలంటారు గానీ ఎంత చోటు, ఎంతసేపు అన్నదగ్గరే చాలాకాలం పేచీ నడిచింది. యూరప్ నిబంధనలు ఇక్కడ గట్టివి: నెమ్మదిగా పెరిగే జాతైనా అయ్యుండాలి, లేదా కనీసం 81 రోజులు పెంచాలి. మామూలు బ్రాయిలర్ ఆరు వారాలకే కోతకొస్తుంది, తేడా మీరే చూడండి.

పెంపకం గురించి మాట్లాడేవి వేరే ముద్రలు. సర్టిఫైడ్ హ్యూమేన్ అనే ముద్ర షెడ్‌లో చదరపు మీటరుకి 30 కిలోలకి మించి కోళ్లని ఉంచనివ్వదు, రోజూ కొన్ని గంటల చీకటి ఉండాలంటుంది. కానీ ఆ ముద్ర ఒక్కటే ఉంటే కోడి బయట తిరిగిందని అనుకోవద్దు. యానిమల్ వెల్ఫేర్ అప్రూవ్డ్ అయితే పచ్చిక మీద పెంచడం తప్పనిసరి. ఏ సంస్థ ముద్రా లేకుండా ఉత్తినే "హ్యూమేన్‌గా పెంచినవి" అని రాస్తే అది తయారీదారు చెప్పుకున్న మాట, అంతే. ఆర్గానిక్ ముద్ర, పెంపకం ముద్ర రెండూ ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

ఇంకో మెలిక ఉంది. "ఆర్గానిక్ చికెన్‌తో చేసినది" అన్న ప్యాకెట్ పూర్తి ఆర్గానిక్ కాదు. అమెరికా నిబంధనల్లో దానికి 70 శాతం ఆర్గానిక్ పదార్థాలుంటే చాలు. ఉత్త ఆర్గానిక్ అని రాయాలంటే 95 కావాలి.

మూతపెట్టిన పెనం:
వంట సంగతి నేను చెప్తాను. గుచ్చొద్దు. గుచ్చిన చోటునుంచి కారేది రసమూ కొవ్వూ. పంది సాసేజ్‌లో కొవ్వు దండిగా ఉంటుంది కాబట్టి కొంత పోయినా తట్టుకుంటుంది. చికెన్‌లో ఉన్నదే తక్కువ, అదీ పోతే మిగిలేది మీరన్న రంపపు పొట్టే.

చీలడానికి కారణం మంట. వేడెక్కగానే లోపలి మాంసం ముడుచుకుని నీటిని బయటికి తోస్తుంది, ఆ నీరు ఆవిరవుతుంది. అదే సమయంలో పైపొర కూడా బిగుసుకుంటుంది. రెండూ ఒక్కసారే జరిగితే చీలక ఏంచేస్తుంది? అందుకే ముందు నీళ్లతో ఉడికించి, తర్వాత వేయించాలి.

పచ్చి సాసేజ్‌లు నాలుగనుకోండి. చల్లటి పెనంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి అరకప్పు, అంటే 120 మి.లీ. నీళ్లు పోయండి. మూతపెట్టి, మధ్యస్థం కన్నా తక్కువ మంటమీద పది నిమిషాలు ఉంచండి, సగంలో ఒకసారి తిప్పండి. నీళ్లు అంచుల్లో సన్నగా బుడగలు వేస్తే చాలు, తెర్లకూడదు. లోపల 68 డిగ్రీలు దాటాక మూత తీసి నీళ్లు ఇగరనివ్వండి. చెంచాడు నూనె వేసి మూడు నాలుగు నిమిషాలు దొర్లిస్తూ ఉంటే రంగొస్తుంది. 74 డిగ్రీల సెల్సియస్ చూపగానే దించేయండి. కోసేముందు మూడు నిమిషాలు ఆగితే రసం పళ్లెంలోకి పోదు.

థర్మామీటర్ పక్కనుంచి గుచ్చితే మొన అవతలికి పోయి పెనం వేడిని చూపిస్తుంది. ఒక కొననుంచి నిలువుగా దించండి, మొన నడిమధ్యకి రావాలి.

ఇదంతా పచ్చివాటికి. ప్యాకెట్ మీద "ఫుల్లీ కుక్డ్" అని ఉంటే అవి ఉడికినవే. పావుకప్పు నీళ్లతో నాలుగైదు నిమిషాలు వేడిచేసి రంగు తెప్పిస్తే సరి. వాటిని పచ్చివనుకుని పదిహేను నిమిషాలు వండితేనే చాలామందికి ఎండిపోయేది.

ఉప్పుకల్లు:
పైవాళ్లు వదిలేసినవి కొన్ని. రంగుచూసి ఉడికిందని తేల్చొద్దు. సెలెరీ (ఒక ఆకుకూర) పొడి కలిపినవి 74 దాటాక కూడా లోపల గులాబీ రంగులోనే ఉంటాయి. సెలెరీలో సహజంగానే నైట్రేట్ ఉంటుంది, అది మాంసానికి గులాబీ రంగునిచ్చే నైట్రైట్‌గా మారుతుంది, అందుకే "అన్‌క్యూర్డ్" (విడిగా నైట్రైట్ కలపనిది) అన్న మాట చూసి నైట్రైట్ అసలే లేదనుకోవద్దు.

పంది తిననివాళ్లు పదార్థాల జాబితా చివరిదాకా చదవాలి. లోపల చికెనే అయినా పైపొర పందిపేగు కావచ్చు. గొర్రెపేగు, కొలాజెన్ (జంతువుల నుంచి తీసే ప్రోటీన్) పొరలు కూడా వాడతారు. కొలాజెన్ ఏ జంతువుదో రాయకపోతే తయారీదారుని అడగడమే.

యాపిల్, మేపుల్ రకాల్లో చక్కెర ఉంటుంది, వాటికి చివరి వేపుడు మంట ఇంకా తగ్గించండి. పచ్చివి ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే, ఆపైన డీప్ ఫ్రీజర్. గడ్డకట్టినవి తీసి ఓ రాత్రంతా ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి, వంటగట్టు మీద కాదు.

వంటింటి కిటికీ:
చాలా థాంక్సండీ. నా దగ్గరున్నవి పచ్చివే, మంట పూర్తిగా పెంచి వేస్తున్నా. మరి సాస్‌లోకి ముక్కలు కావాలంటే? పచ్చిగా ఉన్నప్పుడే కోస్తే లోపలిది బయటికి వచ్చేస్తోంది.

మూతపెట్టిన పెనం:
నీళ్లలో ఉడికే దశ అయ్యాక తీసి ఐదు నిమిషాలు ఆగండి, అప్పటికి లోపల గట్టిపడుతుంది. వేలెడు మందాన కాకుండా సెంటీమీటరు బిళ్లలుగా కోసి, కోసిన వైపు పెనానికి ఆనించి ఒక్క నిమిషం ఎర్రగా కాల్చండి. మరిగి మంట తగ్గించిన సాస్‌లో వేసి 74 వచ్చేదాకా, అంటే రెండు మూడు నిమిషాలు ఉంచండి. సాస్‌లో ఉప్పు మాత్రం ముక్కలు వేశాక రుచి చూసే వేయండి, సాసేజ్‌లోది దాంట్లోకి దిగుతుంది.