ఉద్యమం గురించి క్లాసులో ఎలా చెప్పాలి? అర్జెంటు, సాయం చేయండి

మెళియాపుట్టి సోషల్
సాయంత్రం నుంచి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా, ఒక్క ముక్క ముందుకు కదల్లేదు. ఉద్యమం గురించి పిల్లలకు ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పండి. నిన్న క్లాసులో మొదలుపెట్టాను, పది నిమిషాలకే గొడవైపోయింది. ఇద్దరు పిల్లలు కొట్టుకునే దాకా వచ్చారు. ఇవాళ ఒకడి తండ్రి బడికొచ్చి హెడ్మాస్టరు గదిలో గట్టిగా అరిచి వెళ్లాడు. ‘ఇక ఆ విషయం ఎత్తకండి’ అన్నారు హెడ్మాస్టరుగారు. ఇక్కడ ఆపేస్తే పిల్లల మనసులో ఆ గొడవే మిగిలిపోతుంది. నెట్‌లో వెతికితే ఒక పక్క వాళ్లవన్నీ పొగడ్తలు, ఇంకో పక్క వాళ్లవన్నీ తిట్లు. పిల్లల ముందు పెట్టదగ్గ పేజీ ఒక్కటీ దొరకలేదు. రేపు రెండో పీరియడ్ మళ్లీ అదే క్లాసు. టెన్షన్‌గా ఉంది.

రాజాం మాస్టారు
ఏ తరగతి? ఏ పాఠం?

సోంపేట బీల
థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని మేం చేసిన ఉద్యమం గురించేనా మాస్టారూ? తప్పకుండా చెప్పండి, భయపడొద్దు. 2010 జూలై 14న ఇక్కడ రైతుల మీద, మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అదే జరిగింది. పిల్లలకు ముందు బీల అంటే, అంటే మా చిత్తడి నేల, ఏంటో చూపించాలి. కాగితాల మీద పనికిరాని నేల అని రాసేశారు. అక్కడ నీళ్లు నిలుస్తాయి, చేపలుంటాయి, పశువులు మేస్తాయి, చుట్టుపక్కల పొలాలకు తడి అక్కణ్నుంచే. ఒక రోజు పిల్లల్ని తీసుకెళ్లి గట్టు మీద నిలబెట్టండి చాలు. ఉద్యమం ఎందుకొచ్చిందో వాళ్లే చెబుతారు.

మెళియాపుట్టి సోషల్
కాదండీ. 1967లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను కాల్చి చంపారే, ఆ గిరిజన ఉద్యమం. శ్రీకాకుళంలో ఉద్యమం అంటే ఏ ఉద్యమమో వేరే చెప్పాలా?

రాజాం మాస్టారు
తరగతి చెప్పలేదు.

మెళియాపుట్టి సోషల్
తొమ్మిది.

రాజాం మాస్టారు
తొమ్మిదిలో ఆ పాఠం లేదు. సిలబస్ చెప్పండి, సరిపోతుంది.

బొబ్బిలి తాతగారు
బాబూ, లేవిడి ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కాదు. ఆనాడు శ్రీకాకుళమే. 1979లో విజయనగరం జిల్లా పుట్టినప్పుడు అటు పోయింది, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యంలో ఉంది. ముందు మ్యాపు గీయించండి. జిల్లా మారితే చరిత్ర ఎవరిదో కూడా తెలియని పిల్లలు తయారవుతున్నారు. ఇక రెండు వర్గాలు కొట్టుకునే చరిత్ర చెప్పడం మాకు కొత్త కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం విజయరామరాజు ఒక పక్క. రంగారావు, తాండ్ర పాపారాయుడు ఇంకో పక్క. నేను బొబ్బిలిలోనూ చెప్పాను, విజయనగరంలోనూ చెప్పాను. ఒకే పాఠం రెండు ఊళ్లలో ఒకేలా చెప్పగలిగితేనే మాస్టారు అనిపించుకుంటారు. విజయనగరంలో చెప్పేటప్పుడు ఫ్రెంచి వాళ్లకు శిస్తు వసూళ్ల మీద ఉన్న ఆశను ముందు పెట్టేవాణ్ని, బొబ్బిలిలోనూ అదే ముందు పెట్టేవాణ్ని. అప్పుడు ఇద్దరు రాజుల పగలో మూడోవాడి లాభం పిల్లలకు కనపడేది.

పలాస జీడి
తాతగారూ, అది 270 ఏళ్ల నాటి మాట. ఇది తాతల నాటిది. ఆనాటి మనుషులు ఇంకా బతికే ఉన్నారు. రెండూ ఒకటి కావు.

మెళియాపుట్టి సోషల్
రాజాం మాస్టారూ, సిలబస్‌లో లేదని వదిలేయడానికి లేదు. అటవీ సమాజం, వలసవాదం పాఠం చెబుతున్నాను. అందులో 1910 బస్తర్ తిరుగుబాటు వచ్చింది. 1905లో ప్రభుత్వం అడవిలో మూడింట రెండొంతులు రిజర్వు చేస్తామనడం, పోడు ఆపమనడం, నేతనార్ గ్రామానికి చెందిన గుండా ధూర్ అనే నాయకుడు, అన్నీ చెప్పాను. వెనక బెంచీలో పిల్ల లేచి ‘మన కొండల్లో ఇలాంటిది జరగలేదా సార్’ అంది. ఆ ప్రశ్నకు లేదని చెప్పనా?

నరసన్నపేట
అదేమీ ఉద్యమం కాదు. నక్సలైట్ల హింస అని సూటిగా చెప్పండి. ధాన్యం కొట్లు దోచారు, మనుషుల్ని చంపారు.

పలాస జీడి
గిరిజన రైతాంగ పోరాటం అనాలి. పేరులోనే తీర్పు చెప్పేస్తే ఇక క్లాసు ఎందుకు?

నరసన్నపేట
పోరాటం అన్నా తీర్పే.

సాలూరు మేడమ్
ఇద్దరూ తేదీలు చూడండి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న వాళ్లను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుకుని కాల్చారు. అప్పటికి అది సంఘం: కూలి రేట్లు, అప్పులు, పోడు భూములు, వెట్టి. ఆయుధాలు పట్టి దాడులకు దిగింది 1968 నవంబరు నుంచి. నక్సలైట్ల పార్టీ సీపీఐ ఎంఎల్ పుట్టింది 1969 ఏప్రిల్‌లో. ఏ ఏడాది గురించి మాట్లాడుతున్నారో ఆ ఏడాదికి తగిన పేరు వాడండి. 1967లో చనిపోయిన వాళ్లను నక్సలైట్లు అంటే తప్పు. 1969లో జరిగిన హత్యలను సంఘం కూలి పోరాటం అన్నా తప్పే.

మెళియాపుట్టి మాస్టారూ, కొట్టుకున్న పిల్లలెవరు? అది చెప్పకుండా మీకు ఎవరు సలహా ఇచ్చినా గాల్లో మాటే.

మెళియాపుట్టి సోషల్
ఒకడి ముత్తాతను అప్పట్లో చంపేశారు. వాళ్లు కొండ కింద ఊళ్లో భూములున్న వాళ్లు. రెండో పిల్లవాడు సవర తెగవాడు, హాస్టల్లో ఉంటాడు. వాళ్ల తాతను పోలీసులు పట్టుకెళ్లి కొట్టారట, తర్వాత సరిగా నడవలేకపోయాడట. నేను ‘మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఏమంటారు’ అని అడిగాను. అక్కడే మొదలైంది.

సాలూరు మేడమ్
ఇదండీ అసలు సంగతి. మీ ఇంట్లో ఏమంటారని నలుగురి ముందు అడిగితే పిల్లవాడు తన కుటుంబం పరువు మోయాల్సి వస్తుంది. వాడి వయసెంత? ఆ ప్రశ్న రేపు అడగొద్దు. ఎవరైనా వచ్చి విడిగా చెబితే వినండి, క్లాసులో ఎత్తొద్దు.

నేనైతే భూమి కాగితం దగ్గర మొదలుపెడతాను. 1917 చట్టం: ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోవాలంటే ప్రభుత్వ ఏజెంటు అనుమతి కావాలి. 1959 నిబంధన దాన్ని కొత్త రాష్ట్రంలో గట్టి చేసింది. 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/70, అంటే 1970 నాటి ఒకటో నంబరు నిబంధన. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం అనుకుంటుంది. కాదని చూపించాల్సింది అతనే. ఈ మూడు ఏళ్లూ బోర్డు మీద రాసి, మధ్యలో 1967 అని రాసి, ‘1917 నుంచి చట్టం ఉంటే భూములు ఎలా పోయాయి?’ అని అడగండి. ఈ ప్రశ్నకు ఎవరి తాతా జవాబు చెప్పక్కర్లేదు.

తర్వాత చర్చ నోటితో వద్దు. చార్టు పేపర్లు నేల మీద పరిచి, మధ్యలో ఆ ప్రశ్న రాసి, స్కెచ్ పెన్నులు ఇవ్వండి. మాట్లాడకూడదు, రాయాలి, పక్కవాడు రాసిన దాని కింద ఇంకో ప్రశ్న రాయొచ్చు. మా క్లాసులో ఒక పిల్ల ‘అప్పు తీరింది కదా, భూమి ఎందుకు తిరిగి ఇవ్వలేదు’ అని రాసింది. దాని కింద ఇంకొకడు నీలం పెన్నుతో ‘తీరిందని కాగితం ఎవరి దగ్గర ఉంది?’ అని రాశాడు. మూడో పిల్ల అక్కడికి బాణం గీసి ‘చదువు రాదు కదా’ అంది. నోటితో అయితే ఈ మూడు మాటలూ వచ్చేవి కావు, గొంతు పెద్దదైన వాడిదే చెల్లేది.

చావుల దగ్గరికి వచ్చాక ఎవరి కథనం ఎవరిదో విడిగా చెప్పండి. లేవిడి కేసులో నిందితులను కోర్టు విడిచిపెట్టింది, అది చెప్పండి. తర్వాత ఉద్యమం వాళ్లు వర్గశత్రు నిర్మూలన పేరుతో మనుషుల్ని చంపారు, అదీ చెప్పండి. ఉద్యమం నడిపిన వెంపటాపు సత్యం మనలాగే బడిపంతులు. ఆయనా, ఇంకో నాయకుడు ఆదిభట్ల కైలాసమూ 1970 జూలైలో చనిపోయారు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు, పట్టుకుని చంపారని ఇంకో పక్క వాళ్లంటారు. రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ‘ఏది నిజమో తేల్చాలంటే ఏ ఆధారం కావాలి?’ అని ఆపేయండి. తీర్పు మీరు చెప్పొద్దు. కానీ మనిషిని చంపడం, లాకప్‌లో కొట్టడం తప్పా కాదా అని పిల్లలు అడిగితే మాత్రం దాటేయకండి. తప్పని చెప్పండి, ఇద్దరి ముందూ.

డైట్ లెక్చరర్
మేడమ్ చెప్పిన దాన్ని పోలిన సూత్రం జర్మనీలో ఉంది. 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో పౌర విద్య వాళ్లు కూర్చుని ఒప్పుకున్నారు: విద్యార్థి మీద మన అభిప్రాయం రుద్దకూడదు, లోకంలో వివాదం ఉన్న విషయం క్లాసులోనూ వివాదంగానే కనిపించాలి, తన స్థితి తాను అర్థం చేసుకునే శక్తి విద్యార్థికి ఇవ్వాలి. హెడ్మాస్టరుగారికి చూపించడానికైతే 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చాలు. చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలన్నది దాని మొదటి సూత్రం.

నరసన్నపేట
జర్మనీ మనకెందుకండీ. వచ్చి అరిచిన ఆ తండ్రితో ముందు మాట్లాడండి. వాళ్ల ఇంట్లో మనిషి పోయాడు. ఆయనకు జవాబు చెప్పకుండా చార్టులు పరిస్తే మళ్లీ వస్తాడు.

సాలూరు మేడమ్
ఈ మాట నిజం. క్లాసు కంటే ముందు ఆయన ఇంటికి వెళ్లండి మాస్టారూ. హాస్టల్ పిల్లవాడి ఇంటికి కూడా. ఒక్కరి ఇంటికే వెళ్తే ఊరంతా తెలుస్తుంది.

బొబ్బిలి తాతగారు
పలాస బాబుకు: 270 ఏళ్లైనా మా ఊళ్లో పాపారాయుడి పేరు ఎత్తితే ఇప్పటికీ గొంతు మారుతుంది. పాతదైతే చల్లారిపోతుందనుకోవద్దు.

సోంపేట బీల
వీరగున్నమ్మను మర్చిపోయారు. 1940, మందస జమీందారీ, అడవి కట్టె తెచ్చుకున్న రైతుల మీద కాల్పులు. అటవీ పాఠానికి అదే దగ్గర.

మెళియాపుట్టి సోషల్
థాంక్స్ అందరికీ. రేపటి పీరియడ్ గణితం మాస్టారికి ఇచ్చేశాను, శుక్రవారం తీసుకుంటా. సాయంత్రం ఆ ఇంటికి వెళ్తాను. 1/70 తెలుగు ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

రాజాం మాస్టారు
ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో అడగండి.