గొప్పవాళ్ల తప్పుల గురించి పిల్లలకి ఎలా చెప్పాలి?

కందుకూరి వీరేశలింగం గారంటే నాకు చాలా గౌరవం. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్లి వల్ల పనివాళ్లు రావడం మానేస్తే భార్య రాజ్యలక్ష్మమ్మ గారే నీళ్లు మోసి వంట చేశారు. అదే మనిషి కవయిత్రి ముద్దుపళనిని వేశ్య అంటూ ఈసడించి రాశారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు దాన్ని గట్టిగా నిలదీశారు. న్యాయం ఆవిడవైపే ఉంది.

ఇదంతా చదివి, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి "అందరూ ఇంతే, ఎవర్నీ గౌరవించక్కర్లేదు" అంటోంది. ఫోన్లో రోజూ చూసేది కూడా ఒకర్నొకరు తిట్టుకోవడమే. తనని చూస్తే టెన్షన్‌గా ఉంది. తప్పు దాచకుండా, మంచి చిన్నబోకుండా ఎలా చెప్పాలి? మీ పిల్లలకి మీరేం చెప్పారు?