‘ఆర్ద్రత’ అంటే జాలేనా?

నిన్న ఒకరు ఇక్కడ అడిగారు: “ఆర్ద్రతకు జాలి అని రాసేస్తే సరిపోదా?” నా మట్టుకు సరిపోదు. ఎందుకో చెప్పాలంటే జటాయువు దగ్గరికి వెళ్లాలి.

అరణ్యకాండ 51వ సర్గ. రావణుడు కత్తి దూసి ఆ ముసలి పక్షి రెక్కలు, కాళ్లు, డొక్కలు నరికేస్తాడు. ఆ తర్వాత వాల్మీకి అంటాడు:

తం దృష్ట్వా పతితం భూమౌ క్షతజార్ద్రం జటాయుషమ్ |
అభ్యధావత వైదేహీ స్వబంధుమివ దుఃఖితా ||

క్షతం అంటే గాయం. గాయంలోంచి పుట్టేది గనక నెత్తురు క్షతజం. క్షతజార్ద్రం అంటే నెత్తుటితో తడిసి ముద్దయినవాడని. ఆర్ద్రం అంటే తడి, ఇంకేమీ కాదు. అక్కడ తడిసింది పక్షి ఒళ్లు, చదువుతుంటే తడిసేది మన మనసు. రెండు తడులకూ ఒకటే మాట. సీత చేసిన పని కూడా చూడండి: ‘అభ్యధావత’, పరుగెత్తింది. తనే అంత ఆపదలో ఉండి, సొంత చుట్టం పడిపోయినట్టు పరుగెత్తింది. జాలి నిలబడ్డ చోటి నుంచి కూడా పడొచ్చు.

నన్ను మరీ కదిలించేది 67వ సర్గ. అదే నెత్తురు చూసి, సీతను తిన్నది వీడేనని రాముడు బాణం ఎక్కుపెట్టి మీదికి వస్తాడు. నోట నురగలు నురగలుగా నెత్తురు కక్కుతూ జటాయువు పిలిచిన పిలుపు ‘ఆయుష్మన్’! తనను చంపడానికి వస్తున్నవాణ్ణి నిండు నూరేళ్లవాడా అని పిలవడం. “అడవిలో మూలికను వెతికినట్టు నువ్వు వెతుకుతున్న ఆ దేవినీ, నా ప్రాణాలనూ, రెండింటినీ రావణుడే ఎత్తుకుపోయాడు” అంటాడు. ఇన్నేళ్లుగా చదువుతున్నా ఈ మాట దాటి ఒక్క గుక్కలో ముందుకు పోలేను.

మా నాయనమ్మ ఇక్కడికి రాగానే పుస్తకం మూసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేది. “కడుపు తరుక్కుపోతోందిరా” అనేది. తరగడం అంటే వంకాయో బెండకాయో కత్తిపీట మీద తరగడమే. నరికింది ఆ పక్షి రెక్కలనయితే, తెగింది ఈవిడ కడుపు! ఆర్ద్రతకు తెలుగులో సాటిరాగల మాట ఉంటే అది ఇదేనని నా నమ్మకం. కాకపోతే అందులో తడి లేదు, కోత ఉంది.

తడి కావాలంటే ‘చెమ్మగిల్లడం’ ఉంది. కానీ మనకు ఎక్కువగా చెమ్మగిల్లేవి కళ్లే. ‘మనసు చెమ్మగిల్లింది’ అని రాస్తారు గానీ ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు.

మరో మాట. ఒత్తు విషయంలో చాలామంది తడబడుతున్నారు. ‘ఆర్ధ్రత’ కాదు, ‘ఆర్థ్రత’ అసలే కాదు. ద-కు ఒత్తు లేదు. గుర్తుండాలంటే ఆరుద్ర కార్తె తలచుకోండి, అదీ ఈ ఆర్ద్రే. తొలకరికి చేలో ఎర్రగా, మఖమల్ గుడ్డలా పాకే ఆరుద్ర పురుగు పేరూ అక్కడిదే. గాలిలో తేమను సైన్సు పుస్తకాలు ఆర్ద్రత అంటే నవ్వుకునేవాళ్లున్నారు గానీ అదే దాని అసలు అర్థం.

చివరికి రామలక్ష్మణులు జటాయువుకు చితి పేర్చి, గోదావరికి వెళ్లి నీళ్లు వదులుతారు, సొంతవాళ్లకు వదిలినట్టే. భద్రాచలం పక్కనున్న ఏటపాకను జటాయువు పేరుతోనే చెప్పుకుంటారు. ఆ వైపువాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఈ కథ చెప్పేటప్పుడు మీ పెద్దవాళ్లు ఏ మాట వాడతారు? కడుపు తరుక్కుపోవడమేనా, ఇంకేదైనా ఉందా?