నెల్లూరు తీరంలోని పొద అడవి: విడి సముదాయమా, నరికిన అడవి మిగులా?

ప్రశ్న:
నెల్లూరు జిల్లా తీరంలో ఇసుక దిబ్బల మీది సహజ వనాన్ని వృక్ష సముదాయాలుగా విభజించే పనిని ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చేపట్టాను. సరుగుడు, నీలగిరి తోటలను వదిలేస్తే, ఒకచోట పాల, నేరేడు, అల్లి చెట్లు ఏడాది పొడవునా పచ్చగా, దట్టంగా ఉన్నాయి. అర కిలోమీటరు దాటగానే నల్లరేంగ చెట్లు, కలివి పొదలే కనిపిస్తున్నాయి. భారతదేశపు అడవుల రకాలకు ఛాంపియన్, సేథ్ 1968లో ప్రకటించిన వర్గీకరణలో మొదటిది ఏడవ వర్గమైన ఉష్ణమండల శుష్క సతతహరిత అడవి కిందికి వస్తుంది. రెండవదాన్ని వేరే సముదాయంగా రాయాలా, మొదటిదాని క్షీణ రూపంగా రాయాలా?

జవాబు 1:
ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలండీ. ఇప్పుడక్కడ ఏ జాతులు ఎంతెంత ఉన్నాయన్నది ఒకటి, అవి ఎందుకలా ఉన్నాయన్నది మరొకటి. ముందు రెండు చోట్లా చెట్లకు 10 × 10 మీటర్ల, పొదలకు 5 × 5 మీటర్ల గళ్లు వేసి, ప్రతి జాతికీ సాపేక్ష (అంటే మొత్తంలో శాతంగా) సాంద్రత, పౌనఃపున్యం (ఎన్ని గళ్లలో కనిపించింది), ప్రాబల్యం (కాండాలు ఆక్రమించిన వైశాల్యం) కలిపి ప్రాముఖ్య విలువ కట్టండి. మూడు కొలతలకూ వందేసి చొప్పున అన్ని జాతుల మొత్తం 300 వస్తుంది. ఆ విలువల్లో పైవరుసలో నిలిచే జాతులు వేరైతే, సముదాయాలూ వేరే. అంతవరకూ ‘క్షీణ’ అనే మాట పట్టికలోకి రానివ్వకండి.

జవాబు 2:
పట్టికతోనే పని తీరదని నా అభిప్రాయం. ఈశాన్య రుతుపవనాల వాన రెండు చోట్లా ఒకటే, ఇసుకా ఒకటే అయినప్పుడు, అర కిలోమీటరులో వచ్చిన తేడాకు గొడ్డలినీ మేకలనూ ముందుగా అనుమానించాలి. మొదళ్లు చూడండి: ఒకే మోడు నుంచి నాలుగైదు కాండాలు లేచి ఉంటే అది నరికిన చెట్టే. కలివి ముళ్ల మధ్య, మేక మూతి అందని చోట, కొన నొక్కుకుపోయిన దళసరి ఆకుల పాల మొలకలు దొరికితే అడవి తిరిగి లేస్తున్నట్టు. (కలివికోడి అనే పక్షికి పేరిచ్చిన పొద ఇదే.) పైగా ఆ వర్గీకరణలోనే, ఏడవ వర్గం కింద, శుష్క సతతహరిత పొద అడవిని క్షీణదశగా విడిగా చూపారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా నోటుబుక్కు తిరగేస్తే, 30 సెంటీమీటర్ల చుట్టుకొలత దాటిన కాండాలనే లెక్కించినట్టు తేలింది. మొలకలు ఒక్కటీ నమోదు కాలేదు, మోళ్ల సంగతి అసలే లేదు. అక్టోబరు వానలు మొదలయ్యేలోగా ఆ పొదల కిందికి మళ్లీ దూరక తప్పదు.