వ్యాధి వస్తే పశువుల యజమానులకే పరిహారమా?

చక్రధారి:
సూటిగా అడుగుతున్నాను. పశువులకు పెద్ద రోగం వస్తే ప్రభుత్వం డబ్బిచ్చేది ఆ పశువు ఎవరి పేరున ఉందో వారికే. దాని మీద బతికే మిగతా వాళ్లు లెక్కలోకి రారు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వచ్చినప్పుడు ఆవులు, గొర్రెలు, పందులు కలిపి 60 లక్షలకు పైగా చంపారు. యజమానులకు 100 కోట్ల పౌండ్లకు మించి పరిహారం అందింది. అదే ఏడాది పల్లెల్లో కాలిబాటలు మూసేయడంతో పర్యాటకుల మీద ఆధారపడిన వాళ్లు కుదేలయ్యారు. వాళ్లను పన్నుల్లో కొంత వెసులుబాటుతో సరిపెట్టారు. ఇదేం న్యాయం?
నా సంగతీ చెబుతాను. నాది పశువులను తరలించే లారీ. రోగం వచ్చిందని సంతలు మూశారు, పశువుల రవాణా నిషేధించారు. లారీ ఇంటి ముందు ఆగింది గానీ వాయిదా ఆగలేదు. నేను సరుకు ఎక్కించుకునే దొడ్ల యజమానులకు చెక్కులు వచ్చాయి. నాకు పైసా రాలేదు.

తుమ్మెద:
యజమానులు బీమా చేయించుకోవచ్చు కదా? గొడవ ఉండదు.

పాడిపంట:
తుమ్మెద గారూ, నా పాలసీ తీసి చదివాను. అంటువ్యాధికి ప్రభుత్వ ఉత్తర్వుతో చంపిన పశువుకు వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది.
చక్రధారి గారూ, మీరు దీన్ని సాయం అంటున్నారు. నా ఇంటి గోడను రోడ్డు కోసం కొట్టేసి డబ్బిస్తే దాన్ని సాయం అంటారా? పూటకు బిందెడు పాలిచ్చే ఆవును, ఇంకా లేచి నిలబడి మేత తింటున్న ఆవును, పక్క కొట్టంలో రోగం ఉందని తీసుకెళ్లి చంపారు. అది నా బాకీ వసూలు, అంతే. అది కూడా పూర్తిగా రాలేదు. ఆవు ధర ఇచ్చారు. మళ్లీ పశువులను తోలుకోవడానికి అనుమతి వచ్చేదాకా కొట్టం ఖాళీ. ఆ నెలల పాల డబ్బు ఎవరిచ్చారు?

లెక్కల మాష్టారు:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. డబ్బు ఎవరి పేరున ఇచ్చారన్నది కాదు, చివరికి ఎవరి జేబులో పడిందన్నది చూడాలి. 2003 మే నెలలో కెనడాలోని ఆల్బర్టాలో పిచ్చి ఆవు వ్యాధి బయటపడింది. ఒకే ఒక్క ఆవు. అమెరికా వెంటనే సరిహద్దు మూసింది. ఎగుమతి కావలసిన పశువులన్నీ దేశంలోనే ఉండిపోయాయి, వాటిని కొనేది రెండు మూడు పెద్ద మాంసం కంపెనీలు. ధర పడిపోయింది. పశువును కోతకు పంపితే, పడిపోయిన ధరకు ప్రభుత్వం కొంత కలిపి ఇస్తామంది. దాంతో అందరూ అమ్మకానికి ఎగబడ్డారు. కొనేవాడు ఇంకా తక్కువ అడిగాడు. 2004లో ఆల్బర్టా ఆడిటర్ జనరల్ నివేదిక ఇచ్చారు: ఆ కంపెనీల లాభం 281 శాతం పెరిగింది. రైతు చేతికిచ్చిన సొమ్ము రైతు దగ్గర ఆగలేదు.

గడ్డిపరక:
281 శాతం దేని మీద? అంతకు ముందు లాభం నామమాత్రమైతే ఆ శాతానికి అర్థం లేదు.

లెక్కల మాష్టారు:
నామమాత్రమో కాదో మీరే నివేదిక తెరిచి చూడండి. అంతేకాదు, ఆ కంపెనీలకు సొంతంగా పశువులను మేపి బలిపించే దొడ్లు ఉన్నాయి. ఆ దొడ్లకూ సాయం అందింది. అంటే ఒక చేత్తో చవగ్గా కొన్నారు, మరో చేత్తో పరిహారం పుచ్చుకున్నారు.

గడ్డిపరక:
కంపెనీలు తప్పు చేశాయని ఆ నివేదిక అనలేదు. సరుకు ఎక్కువై కొనేవాళ్లు తక్కువైతే ఎక్కడైనా అదే జరుగుతుంది.

లెక్కల మాష్టారు:
తప్పు చేశారని నేనెప్పుడు అన్నాను? పథకం రాసినవాళ్లకు బుద్ధి లేదన్నాను. నా మాట చదివి జవాబివ్వండి.

(ఇక్కడ వీరిద్దరి మధ్య ఆ శాతం మీదే నడిచిన తొమ్మిది వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాం. – నిర్వాహకులు)

చక్రధారి:
కెనడా కంపెనీల సంగతి నాకెందుకండీ. పాడిపంట గారు గోడ అన్నారు. సరే, మీ గోడ కొట్టేశారు, డబ్బిచ్చారు. అదే ఉత్తర్వు నా బండిని ఆపింది. రెండూ ఒకే సంతకం. మీది ఆస్తి, నాది కాదా?
పైగా ఆ పరిహారమూ ఎలా కట్టారో చూడండి. బ్రిటన్‌లో పని త్వరగా జరగాలని ఒక స్థిరమైన రేటు ప్రకటించారు. అంతకు మించి విలువ ఉందనుకున్నవాళ్లు విడిగా విలువ కట్టించుకోవచ్చన్నారు. ఇంకేముంది, ఆ రేటే కనీస ధర అయి కూర్చుంది, విలువలు పైకే పోయాయి. ఇంకొకటి, మీకు కోపం వచ్చినా అంటాను. మా ప్రాంతంలో రోగం పాకింది కొందరు దాచినందుకే. చొంగ కారుతున్న ఆవును సంతకు తోలారు. ఆ ఆవును ఎక్కించుకోమని నన్నే అడిగారు. అలాంటివాళ్లకూ పరిహారం వచ్చింది.

పాడిపంట:
అయ్యా చక్రధారి గారూ, ఎవరో దాచారని అందరి నెత్తినా రుద్దకండి. నేను దాచలేదు. సాయంత్రం పాలు పితికేటప్పుడు ఆవు కాలు విదిలిస్తోంది, నోట్లో పొక్కు కనిపించింది. ఆ రాత్రే ఫోను చేశాను. రేపు వస్తామన్నారు, మర్నాడూ అదే మాట. ఈలోగా దూడలు పోయాయి. ఒకటి తల్లి పొదుగు నోట్లో ఉండగానే కూలబడింది. తీరా వచ్చినవాళ్లు బతికి ఉన్న ఆవులకు విలువ రాసుకున్నారు, చచ్చిన దూడలకు గీత కొట్టారు. "మేము చంపినవాటికే డబ్బు, వాటంతట అవి చచ్చినవాటికి కాదు" అన్నారు. ఫోను చేసి కూర్చున్నదానికి నాకు దక్కిన న్యాయం అది. ఇప్పుడు మీరొచ్చి నన్ను దొంగల లెక్కలో వేస్తున్నారు.

ఈత చాప:
ఇద్దరూ నష్టపోయినవాళ్లే. కాస్త నెమ్మదించండి.

సూదిమందు:
పశువైద్యంలో ఉన్నవాణ్ణి, ఇంతసేపు ఊరుకున్నాను. ఎవరికీ నచ్చని మాట చెబుతాను. ఈ డబ్బు న్యాయం కోసం పెట్టింది కాదు. ఆ ఫోను కోసం పెట్టింది. రోగం కనిపించిన రోజే మాకు కబురు రావాలి, అందుకు ఇచ్చే సొమ్ము అది. చచ్చినదానికీ అంతే ఇస్తే చచ్చేదాకా ఆగి, ఈలోగా అమ్ముకోగలిగినవి అమ్ముకునేవాళ్లు ఉంటారు. మరీ తక్కువిచ్చినా దాస్తారు. 1988లో బ్రిటన్‌లో పిచ్చి ఆవు వ్యాధి ఉన్నట్లు తేలిన పశువుకు విలువలో సగమే ఇచ్చారు, రోగం లేదని తేలితే పూర్తి విలువ. అంటే నిజంగా జబ్బు ఆవును చూపించినవాడికి సగం నష్టం. 1990 ఫిబ్రవరిలో దాన్ని పూర్తి విలువకు మార్చక తప్పలేదు. లారీ యజమాని మాకు చెప్పవలసింది ఏమీ లేదు, అందుకే ఆయనకు పద్దు లేదు.

చక్రధారి:
ఇప్పుడు బయటపడింది అసలు మాట. అది నష్టపరిహారం కాదు, నిజం చెప్పినందుకు కూలి. జబ్బు ఆవును ఎక్కించుకోనని తిప్పి పంపింది నేను. ఆ రోజు కిరాయీ పోయింది, ఆ దొడ్డితో వ్యాపారమూ పోయింది. నేను ఎక్కించుకుని ఉంటే ఇంకెన్ని కొట్టాలకు పాకేదో మీరే చెప్పండి డాక్టరు గారూ. నా దగ్గర మీకు చెప్పవలసింది ఏమీ లేదా?

పాడిపంట:
డాక్టరు గారూ, ఆ డబ్బు ఫోను కోసమే అయితే ఫోను చేసిన గంటకు విలువ కట్టాలి, మీరు తీరిగ్గా వచ్చిన గంటకు కాదు. నేను చేసేటప్పటికి దూడలు నాలుగు కాళ్ల మీద ఉన్నాయి. ఆలస్యం మీది, గీత నాకు. ఇది న్యాయం కోసం కాదు అని మీరు నిబ్బరంగా అనగలుగుతున్నారు, పోయింది మీ కొట్టం కాదు గనుక.

సూదిమందు:
కబురు అందిన సమయానికే విలువ కట్టాలన్నది ఒప్పుకుంటాను. అక్కడ మీ వాదనలో తప్పు లేదు. చక్రధారి గారికి ఇవ్వాలంటే మాత్రం సంతలో గడ్డి అమ్మేవాడికి, పాలు పోసుకునే హోటలుకు కూడా ఇవ్వాలి. గీత ఎక్కడ గీస్తారు?

చక్రధారి:
ఉత్తర్వులో ఎవరి పని పేరు పెట్టి ఆపారో వాళ్ల దగ్గర గీయండి. రవాణా నిషేధం అని రాసిన కాగితం నా దగ్గర ఉంది. హోటలు పేరు అందులో లేదు.